రాత్రికి ఎంతమంది?

మా ఊరి ఏరియా ఆసుపత్రిని 50 పడకల నుంచి 100 పడకలకు పెంచుతున్నారన్న వార్తను జిల్లా అనుబంధంలో చూసి అమ్మకు చదివి వినిపించాను. అమ్మ 1987లో స్టాఫ్ నర్సుగా చేరి, 2020లో హెడ్ నర్సుగా పదవీ విరమణ చేసింది. మధ్యలో నాలుగైదు ఊళ్ళు తిరిగినా ఆ 33 ఏళ్ళలో ఎక్కువ భాగం ఈ ఆసుపత్రిలోనే గడిచింది. మూడంతస్తుల కొత్త భవనం గురించి, దానికి మంజూరైన కోట్ల గురించి, రెండు ఆపరేషన్ థియేటర్ల గురించి, లిఫ్టు గురించి, శంకుస్థాపనకు వచ్చిన పెద్దల గురించి వార్తలో వివరంగా రాశారు. అమ్మ చివరిదాకా విని, కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, "రాత్రికి ఎంతమందిరా?" అని అడిగింది.

ఆ సంగతి వార్తలో లేదు. తెలిసినవారి ద్వారా ఉత్తర్వు ప్రతి సంపాదించి చూస్తే అందులోనూ లేదు. భవనానికీ పరికరాలకూ నిధులు ఇచ్చారు, పోస్టుల ఊసు లేదు. అంటే పడకలు రెట్టింపవుతాయి, వాటి మధ్య తిరగవలసినవాళ్ళు ఇప్పుడున్నవాళ్ళే. ఆ రోజు నుంచి ఈ విషయం మీద దొరికినవన్నీ చదువుతూ, ఆసుపత్రిలో పనిచేసేవారిని కలుస్తూ, అమ్మను విసిగిస్తూ వచ్చాను. చివరికి నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: ప్రభుత్వ ఆసుపత్రి ఎంత పెద్దదన్నది పడకల లెక్కతో చెప్పడం మానేసి, అర్ధరాత్రి దాటాక అక్కడ ఏ వైద్యం జరగగలదో దానితో చెప్పాలి. రాత్రి డ్యూటీకి సరిపడా మనుషులూ, కట్టినదాన్ని ఏటా బాగుచేసుకునే డబ్బూ మంజూరయ్యేదాకా ఏ ఆసుపత్రినీ విస్తరించినట్టు ప్రకటించకూడదు.

ఒక కుర్చీకి నలుగురు

ఆసుపత్రి వ్యవహారం బయటివారికి అర్థం కాకపోవడానికి మొదటి కారణం ఈ లెక్క అని నాకిప్పుడు అనిపిస్తోంది. తహసీల్దారు కార్యాలయంలో ఒక కుర్చీకి ఒక మనిషి చాలు. ఆసుపత్రిలో ఒక కుర్చీ 24 గంటలూ నిండి ఉండాలంటే వారానికి 168 గంటల పని. ఒక మనిషి వారానికి ఆరు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు చేస్తే 48 గంటలవుతుంది. కాబట్టి సెలవులన్న మాటే లేకపోయినా ఆ ఒక్క కుర్చీకి ముగ్గురున్నర మంది కావాలి. క్యాజువల్ లీవులు, ప్రసూతి సెలవులు, శిక్షణలు, జ్వరాలు కలుపుకుంటే నలుగురు దాటుతారు.

ఇప్పుడు మా ఆసుపత్రినే తీసుకుందాం. కొత్త భవనం తయారైతే నాలుగు వార్డులు, క్యాజువాలిటీ, కాన్పుల గది, నవజాత శిశువుల విభాగం, థియేటరు కలిపి రాత్రిపూట కనీసం ఎనిమిది చోట్ల ఒక్కొక్క నర్సు ఉండాలి. వార్డుకు ఒక్కరే అన్న ఈ లెక్క చాలా పిసినారి లెక్క, అయినా దీనికే 32 మందికి పైగా కావాలి. రిజిస్టరులో ఉన్నది 19 మంది. వారిలో ఇద్దరు డిప్యుటేషన్ మీద వేరే ఊళ్ళో పనిచేస్తున్నారు, వారి జీతం ఇక్కడి ఖాతాలోనే పడుతోంది కనుక కాగితం మీద ఇక్కడ ఖాళీ లేనట్టే. ఇంకొకరు ప్రసూతి సెలవులో ఉన్నారు. మిగిలిన 16 మందిని మూడు షిఫ్టులకు సర్దే పట్టిక వేయడమే హెడ్ నర్సు ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన పని అని అమ్మ అంటుంది. నెలాఖరున ఆ పట్టిక వేసిన రోజు ఇంట్లో అన్నం సయించేది కాదు ఆవిడకు. ఎవరి బిడ్డకు బాగాలేదో, ఎవరు వరసగా ఎన్ని రాత్రులు చేశారో అన్నీ తెలిసి కూడా ఎవరో ఒకరికి అన్యాయం చేయక తప్పేది కాదు.

నర్సులైనా కొంత నయం. స్పెషలిస్టు డాక్టర్ల సంగతి మరీ కష్టం. కేంద్రం ప్రచురించిన గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం 2022 నాటికి దేశంలోని గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఉండవలసిన స్పెషలిస్టులలో దాదాపు 80 శాతం మంది కొరత ఉంది. సర్జన్, ఫిజీషియన్, గైనకాలజిస్టు, పిల్లల డాక్టరు అనే నలుగురిని లెక్కగట్టి చెప్పిన మాట ఇది. మత్తు డాక్టరు ఈ నలుగురిలో లేరు. కానీ రాత్రి ఆసుపత్రి నడుస్తుందా లేదా అన్నది చాలాసార్లు ఆ అయిదో మనిషి మీదే ఆధారపడుతుంది.

మూడేళ్ళ క్రితం వానాకాలంలో మా వీధిలో ఆటో నడుపుకునే కుర్రాడి భార్యకు రాత్రి పదకొండు దాటాక నొప్పులు వచ్చాయి. ఆసుపత్రికి తీసుకువెళ్తే లోపల బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందని వెంటనే గుర్తించారు. గైనకాలజిస్టు పావుగంటలో వచ్చారు. థియేటరు ఆ ఏడాదే కొత్తగా టైల్స్ వేసి తయారుచేసినది. కరెంటు ఉంది, నర్సు ఉంది, రక్తనిధి నుంచి తెచ్చిపెట్టిన రెండు యూనిట్ల రక్తం కూడా ఉంది. మత్తు డాక్టరు లేరు. ఉన్న ఒక్కరూ పగలంతా పనిచేసి, ముందే మంజూరైన సెలవు మీద సాయంత్రం బస్సెక్కి వెళ్ళారు. 108 లో 62 కిలోమీటర్ల దూరంలోని జిల్లా కేంద్రానికి పంపారు. అక్కడ ఆపరేషన్ చేసి బిడ్డను బతికించారు, తొమ్మిది రోజులు అద్దాల గదిలో ఉంచి ఇంటికి పంపారు. ఇప్పుడు ఆ పాప మా అరుగు మీదే ఆడుకుంటుంది.

ఆ రాత్రి ఎవరిది తప్పని వీధిలో చాలా రోజులు మాట్లాడుకున్నారు. ఎక్కువమంది సెలవు మీద వెళ్ళిన డాక్టరునే తప్పుపట్టారు. నేను కూడా అప్పుడు అలాగే అనుకున్నాను, ఆ మాట ఒకరిద్దరితో అన్నాను కూడా. అది తప్పని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఏడాదికి 365 రాత్రులు, మంజూరైన పోస్టు ఒకటి. ఆ మనిషి ఏనాడూ సెలవు పెట్టకపోయినా, నిద్రపోయే రాత్రులన్నీ మత్తు డాక్టరు లేని రాత్రులే. ఒకే ఒక్క మత్తు పోస్టు మంజూరు చేసిన రోజునే, ఆ ఆసుపత్రిలో రాత్రి సిజేరియన్లు నమ్మకంగా జరగవని నిర్ణయమైపోయింది. ఆ నిర్ణయం తీసుకున్నవారు బహుశా దాన్ని అలా చూసి ఉండరు.

అందరినీ ఒకచోట చేర్చితే?

ఇక్కడే నాకు గట్టి సందేహం వచ్చింది, దాంతో చాలా రోజులు తర్జనభర్జన పడ్డాను. ఒక జిల్లాలో నాలుగు ఏరియా ఆసుపత్రులుండి ఒక్కోదానిలో ఒక్కో మత్తు డాక్టరు ఉంటే, నాలుగింటిలోనూ రాత్రి ఆపరేషన్లు గాలిలో దీపాలే. ఆ నలుగురినీ ఒకే ఆసుపత్రిలో వేస్తే కనీసం ఒకచోట అన్ని రాత్రులూ థియేటరు తెరిచి ఉంటుంది. అప్పుడు ఊరూరా విస్తరణలు ఎందుకు, జిల్లాకు రెండు బలమైన ఆసుపత్రులు, మంచి అంబులెన్సులు చాలవా అని ఒక డాక్టరు మిత్రుడు నన్ను నిలదీశాడు. లెక్క ప్రకారం అతని మాటే నిజం. 2005 ఆగస్టు 15న మొదలైన 108 సేవ మన రెండు రాష్ట్రాల్లోనూ దూరాలను ఎంత తగ్గించిందో మనకు తెలుసు.

కానీ ఆ లెక్కలో రోడ్డు ఉంటుందని ముందే అనుకుంటున్నాం. మా ఊరు ఏజెన్సీని ఆనుకుని ఉంటుంది. కొండ మీది గూడేల నుంచి డోలీ కట్టి రోడ్డుదాకా మోసుకువచ్చినవారికి మా ఆసుపత్రి మొదటి గుమ్మం. అక్కడి నుంచి ఇంకో 62 కిలోమీటర్లు పొమ్మంటే చాలామంది వెనక్కి వెళ్ళిపోతారని, అలా వెళ్ళిపోయినవారి పేర్లు ఏ రిజిస్టరులోనూ ఉండవని అమ్మ చెప్పింది. భద్రాచలం ఏరియా ఆసుపత్రిని చూడండి. ఒక్క తెలంగాణ మండలాల వారే కాదు, విభజన సమయంలో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు, కూనవరం వైపువారూ, ఛత్తీస్‌గఢ్, ఒడిశా సరిహద్దు గ్రామాలవారూ అక్కడికే వస్తారు. పరిపాలనా పటం మీద అది ఒక జిల్లాలోని ఒక పట్టణపు ఆసుపత్రి. మనుషుల కాలినడకల పటం మీద అది మూడు నాలుగు రాష్ట్రాల ఆసుపత్రి. ఇలాంటి చోట డాక్టర్లను ఒకచోట కూడగట్టే సూత్రం పనిచేయదు.

అందుకని నేను రాజీపడిన అభిప్రాయం ఇలా ఉంది. మైదాన ప్రాంతంలో 30 కిలోమీటర్ల లోపు మూడు ఆసుపత్రులుంటే, మూడింటినీ 100 పడకలకు పెంచడం మాని, ఒకదానికి పూర్తి బృందాన్ని ఇవ్వాలి. మిగతా రెండూ పగటి ఓపీని, మామూలు కాన్పులను, అత్యవసరంలో తొలి చికిత్సను బాగా చేస్తే చాలు. ఆ సంగతిని వాటి గుమ్మం మీదే స్పష్టంగా రాయాలి. "24 గంటల అత్యవసర సేవలు" అన్న బోర్డు చూసి లోపలికి వచ్చి గంట పోగొట్టుకున్నవారికి, ఆ బోర్డే లేకపోతే ఆ గంట మిగిలేది. ఏజెన్సీలో మాత్రం రోగుల సంఖ్య తక్కువైనా, ఖర్చు ఎక్కువైనా, పూర్తి బృందాన్ని ఉంచవలసిందే. ఇది రాజకీయంగా కష్టమని నాకు తెలుసు. పక్క నియోజకవర్గానికి 100 పడకలిచ్చి మాకెందుకు ఇవ్వరని అడగని ప్రజాప్రతినిధి ఉండడు. మా ఊరికి రాకపోయి ఉంటే నేనూ అడిగేవాణ్ణేమో.

వైద్య కళాశాల వస్తే అన్నీ వస్తాయా

జిల్లాకో వైద్య కళాశాల పెడితే ఈ చిక్కు విడిపోతుందని బలంగా నమ్మేవారున్నారు. ఆ నమ్మకం వెనుక కారణం కూడా ఉంది. కళాశాల ఆసుపత్రిలో రాత్రిని నడిపేది ఎంబీబీఎస్ ముగించి శిక్షణలో ఉండే హౌస్ సర్జన్లు, స్పెషలిస్టు చదువులో ఉన్న పీజీలు, ఆ చదువు ముగించిన సీనియర్ రెసిడెంట్లు. ప్రొఫెసరు ఇంటికి వెళ్ళినా వార్డులో డాక్టరు ఉంటాడు. నూరేళ్ళు దాటిన విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రి గానీ, గుంటూరు, కాకినాడ, వరంగల్ పెద్దాసుపత్రులు గానీ అంత రద్దీని మోయగలుగుతున్నాయంటే నిద్రలేని ఆ యువ వైద్యుల వల్లే.

తెలంగాణలో 2022 నవంబరులో ఒకేసారి ఎనిమిది, ఆంధ్రప్రదేశ్‌లో 2023 సెప్టెంబరులో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లో ఐదు ప్రభుత్వ కళాశాలలు మొదలయ్యాయి. అయితే ఎంబీబీఎస్ చదువు నాలుగున్నరేళ్ళు. 2023లో చేరిన తొలి బ్యాచి హౌస్ సర్జన్లుగా వార్డుల్లోకి వచ్చేసరికి 2028 వస్తుంది. పీజీ సీట్లు, వాటితో రెసిడెంట్లు రావడం వేరే కథ. ఈలోగా ఏమవుతుందంటే, మొన్నటిదాకా జిల్లా ఆసుపత్రిగా ఉన్నది బోధనాసుపత్రి అవుతుంది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి రోగులు రెట్టింపు సంఖ్యలో వస్తారు. అక్కడి స్పెషలిస్టులు రోగులను చూడడంతోపాటు పాఠాలు కూడా చెప్పాలి. జాతీయ వైద్య కమిషన్ నిర్దేశించిన అధ్యాపకుల సంఖ్య చూపడానికి ఇతర చోట్ల నుంచి డాక్టర్లను తెచ్చి వేస్తారు. మా ఏరియా ఆసుపత్రి ఫిజీషియన్ గారు అలాగే వెళ్ళారు. ఆయన స్థానంలో ఏడాదిన్నర పాటు ఎవరూ రాలేదు. ఒక మెట్టు మీద దీపం పెట్టడానికి కింది మెట్టు మీది దీపాన్ని తీసుకుపోయారు.

కళాశాలలు వద్దని నేను అనడం లేదు. పదేళ్ళ తర్వాత ఆ జిల్లాల్లో వైద్యం తప్పకుండా మెరుగవుతుందనే నమ్ముతున్నాను. పీజీ విద్యార్థులు మూడు నెలలపాటు జిల్లా ఆసుపత్రుల్లో పనిచేయాలన్న నిబంధన కూడా మంచిదే, మా జిల్లాలో దానివల్ల కొన్ని విభాగాలకు ఊపిరి వచ్చింది. నా ఫిర్యాదల్లా ఈ మధ్యకాలం గురించి. ఈ ఐదారేళ్ళు ఎలా గడపాలన్నది ఎవరి ప్రణాళికలోనూ కనిపించదు.

విరిగిన మంచాల గది

మనుషుల గురించి ఇంతసేపు చెప్పాను కానీ, నిర్వహణ అనే మాట వినగానే నాకు గుర్తుకొచ్చేది ఒక తాళం వేసిన గది. మా ఆసుపత్రి వెనుక భాగంలో, ఒకప్పుడు పదకొండు పడకల వార్డుగా ఉన్న పెద్ద గది అది. అందులో విరిగిన ఇనుప మంచాలు, చక్రాలూడిన స్ట్రెచర్లు, పాత ఫ్రిజ్‌లు, పరికరాలను ఆవిరితో శుద్ధిచేసే, ఇప్పుడు పనిచేయని ఆటోక్లేవు, పరుపులు పైకప్పుదాకా పేరుకుని ఉన్నాయి. వాటిని పారేయడానికి వీల్లేదు. అవన్నీ స్టాకు రిజిస్టరులో ఉన్నాయి. వాటిని పనికిరానివిగా తేల్చడానికి కమిటీ వేయాలి, ఇంజినీరు వచ్చి చూడాలి, ధర కట్టాలి, పైఅధికారి ఆమోదించాలి, వేలం వేయాలి. ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. తన పేరు మీద ఉన్న వస్తువు లెక్కకు దొరకకపోతే పింఛను ఆగుతుందన్న భయంతో, బదిలీ అయిన ప్రతి నర్సూ విరిగిన సామాను కూడా లెక్కపెట్టి తర్వాతివారికి అప్పగించేదని అమ్మ చెప్పింది. ఆవిడ పదవీ విరమణ రోజున రెండు గంటలపాటు చేసింది అదే. పదకొండు పడకల చోటు తుక్కుకు ఇచ్చి, పక్కనే యాభై పడకలకు కొత్త భవనం కడుతున్నాం.

ఆ గదిలోనే ఒక రేడియంట్ వార్మర్ ఉండేది, పుట్టగానే పిల్లలను వెచ్చగా ఉంచే పరికరం. అది పాడవలేదు. బిడ్డ ఒంటికి అంటించి ఉష్ణోగ్రత చూసే తీగ ఒక్కటే తెగింది. మొత్తం యంత్రం ధరతో పోలిస్తే ఆ తీగ ధర చాలా చిన్నది, కానీ దాన్ని విడిగా కొనే పద్దు లేదు. యంత్రాన్ని కొనగలిగిన వ్యవస్థ దాని తీగను కొనలేకపోయింది. చివరికి ఒక డాక్టరు గారు తన డబ్బుతో తెప్పించేదాకా ఏడు నెలలు అది మూల పడి ఉంది.

ఇది ఒక్క మా ఊరి సంగతి కాదు. 2015లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ వైద్య పరికరాల నిర్వహణ కార్యక్రమాన్ని మొదలుపెట్టినప్పుడు, ముందుగా లెక్కలు తీస్తే వివిధ రాష్ట్రాల్లో 13 నుంచి 34 శాతం పరికరాలు పనిచేయడం లేదని తేలింది. జిల్లా ఆసుపత్రిలో పరికరాలు 95 శాతం, సామాజిక ఆరోగ్య కేంద్రంలో 90 శాతం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 80 శాతం కాలం పనిచేసే స్థితిలో ఉండాలని లక్ష్యం పెట్టి, ఆ పనిని బయటి సంస్థలకు అప్పగించే పద్ధతి అప్పుడే వచ్చింది. మంచి ఆలోచన. ఆ తర్వాత ప్రతి పరికరానికీ ఒక నంబరు అంటించారు, ఫోను చేస్తే మనిషి వచ్చేవాడు. కాకపోతే తర్వాత కొన్న పరికరాలు, దాతలు ఇచ్చినవి, కోవిడ్ కాలంలో వచ్చిపడినవి ఆ పట్టికలోకి ఎక్కడానికి మళ్ళీ కాలం పడుతుంది. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరాకు అంతరాయం కలిగి 11 మంది చనిపోయాక, ఆ ఏడాదే ఊరూరా ఆసుపత్రుల్లో గాలి నుంచి ఆక్సిజన్ తీసే ప్లాంట్లు పెట్టారు. మా ఊరికీ ఒకటి వచ్చింది. ఆ ప్లాంటుకు కంప్రెసరు నూనె మార్చాలి, ఫిల్టర్లు మార్చాలి, ఆక్సిజన్ శుద్ధత పరీక్షించాలి, అన్నిటికీ మించి దాన్ని రోజూ నడపాలి. నడిపే టెక్నీషియన్ పోస్టు లేదు, కరెంటు బిల్లు భయం ఉంది. మా ప్లాంటు షెడ్డుకు ఇప్పుడు తాళం ఉంది, సిలిండర్లు మళ్ళీ లారీలో వస్తున్నాయి.

శుభ్రత విషయంలోనూ ఇంతే. 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో ఎలుకలు కొరికిన పసికందు చనిపోవడం, 2022 మార్చిలో వరంగల్ ఎంజీఎం ఐసీయూలో రోగిని ఎలుకలు కరవడం మనందరికీ గుర్తున్నాయి. ప్రతిసారీ విచారణలు జరుగుతాయి, ఎవరినో బదిలీ చేస్తారు. ఎంజీఎంలో సూపరింటెండెంటును మార్చారు. అయితే ఎలుక వచ్చే దారి డ్రైనేజీ గొట్టం, ఏసీ కోసం కొట్టి మూయని కన్నం, ఊడిన ఫాల్స్ సీలింగు. వాటిని సరిచేయవలసిన ఇంజినీర్లు చాలాచోట్ల సూపరింటెండెంటు కింద ఉండరు. వాళ్ళది విడిగా ఉన్న మౌలిక వసతుల సంస్థ. సూపరింటెండెంటు ఉత్తరం రాయగలరు, గుర్తుచేస్తూ మరో ఉత్తరం రాయగలరు. కుళాయి మార్చడానికి ప్లంబర్ పోస్టు ఉండదు, ఆసుపత్రి అభివృద్ధి సంఘం డబ్బులో నుంచి తీసి బయటి మనిషికి ఇవ్వాలంటే ఆడిట్ అభ్యంతరం వస్తుందేమోనని జంకుతారు. తెలంగాణలో 2022లో పారిశుద్ధ్యానికి పడక ఒక్కింటికి నెలకు ఇచ్చే మొత్తాన్ని 5,000 నుంచి 7,500 రూపాయలకు పెంచారు. దాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. కానీ మరుగుదొడ్డి మురికయ్యేది పడకల సంఖ్యను బట్టి కాదు. ఓపీకి వచ్చే వందల మంది, రోగికి తోడు వచ్చిన ఇద్దరు ముగ్గురు, అందరూ వాడతారు. పడకల లెక్కతో కొలవడం మానాలని నేను అనడానికి ఇదొక కారణం.

పాతదాన్ని చూసుకోకపోతే ఏమవుతుందో హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో చూశాం. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని తిరిగి కట్టుకున్న కాలంలో, విన్సెంట్ ఎష్ రూపకల్పనలో లేచిన ఆ భవనంలోకి 2020 జూలై వానలకు నీళ్ళు వార్డుల మంచాల కిందికి చేరాయి. రోగులను తరలించి పాత భవనాన్ని మూసేశారు. గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. 26 ఎకరాల్లో 2,000 పడకల ఆసుపత్రి రావడం సంతోషమే. మధ్యలో పోయిన ఏళ్ళలో ఇరుకు వరండాల్లో వైద్యం అందుకున్నవారి సంగతి కూడా ఆ ఖర్చులో భాగమేనని నా భావన.

ఒక చిన్న ఉదాహరణ మాత్రం నాకు ఆశ కలిగించింది. శ్రీకాకుళం జిల్లాలో మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో సోంపేట, కవిటి, పలాస లాంటి చిన్న ఊళ్ళలోని డయాలిసిస్ కేంద్రాలు. ఒకప్పుడు వారానికి రెండు మూడుసార్లు విశాఖకో శ్రీకాకుళానికో పోవలసినవారు ఇప్పుడు ఊరికి దగ్గరలోనే రక్తశుద్ధి చేయించుకుంటున్నారు. చిన్న ఆసుపత్రిలో ఇంత క్లిష్టమైన యంత్రం ఎలా నడుస్తోందని ఆలోచిస్తే, యంత్రం, దాన్ని నడిపే టెక్నీషియన్, నీటిని శుద్ధిచేసే ప్లాంటు, మరమ్మతు అన్నీ ఒకే ఒప్పందంలో ఉండడం వల్ల. జరిగిన ప్రతి డయాలిసిస్‌కూ డబ్బు చెల్లిస్తారు కాబట్టి యంత్రం ఆగితే చెల్లింపు ఆగుతుంది. ఇది చూపించి ఆసుపత్రులన్నిటినీ ప్రైవేటుకు అప్పగించాలని వాదించేవారున్నారు. నాకు దానిలో ఆ నీతి కనిపించలేదు. డయాలిసిస్ రోజూ ఒకే తీరున జరిగే పని, దాన్ని కొలవవచ్చు. అర్ధరాత్రి వచ్చిన పాముకాటును అలా ముందుగా ధరకట్టి ఒప్పందంలో రాయలేం. కొన్న రోజునే మనిషినీ మరమ్మతునూ కలిపి మంజూరు చేయడం అనే పద్ధతి మాత్రం ప్రభుత్వమే స్వయంగా పాటించవచ్చు, దానికి ప్రైవేటు సంస్థ అవసరం లేదు.

డాక్టర్లు రారన్న మాట

నోటిఫికేషన్ ఇచ్చినా స్పెషలిస్టులు రావడం లేదు, వచ్చినా నిలవడం లేదు, ప్రభుత్వం ఏం చేస్తుంది అని ఒక అధికారి నాతో అన్నారు. ఆ మాటలో నిజముంది, దాన్ని తేలిగ్గా తీసేయలేను. కానీ ఎందుకు నిలవరో చూడాలి. మా ఆసుపత్రి క్వార్టర్సు 1990ల నాటివి, ఇప్పుడు పాములు తిరుగుతున్నాయి. ఒంటరి స్పెషలిస్టుకు రాత్రి తోడు ఉండదు. కేసు చెడితే బంధువుల కోపానికి ఎదురు నిలబడేది తనొక్కడే. 2022లో తెలంగాణలో కొత్తగా చేరే ప్రభుత్వ వైద్యులకు సొంత ప్రాక్టీసు నిషేధించారు. సూత్రంగా నేను దాన్ని సమర్థిస్తాను. కానీ ఆ దారి మూసినప్పుడు జీతంలోనో చదువులోనో మరో దారి తెరవాలి.

తమిళనాడు ఆ దారిని చాలాకాలం క్రితమే పట్టుకుంది. పల్లెల్లో, కష్టమైన చోట్ల పనిచేసిన ప్రభుత్వ వైద్యులకు పీజీ సీట్లలో పెద్ద వాటా కేటాయించి, చదువు ముగిశాక మళ్ళీ ప్రభుత్వ సేవలోకి రప్పించుకుంటుంది. అలాంటి కోటా ఇచ్చుకునే అధికారం రాష్ట్రాలకు ఉందని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో చెప్పింది. మన దగ్గరా ఇన్‌సర్వీసు కోటా ఉంది. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో జీవో 85తో దాన్ని తగ్గించినప్పుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులు ఆందోళనకు దిగవలసి వచ్చింది. స్పెషలిస్టు పోస్టులు చాలావరకు నిండిపోయాయి, చదివినవారికి ఖాళీలు చాలవు అన్నది ప్రభుత్వ వాదన. పెద్దాసుపత్రుల్లో అది నిజం కావచ్చు. మా ఊళ్ళో మత్తు డాక్టరు పోస్టు ఒకటే ఉన్నప్పుడు, ఖాళీలు లేవన్న మాటకు అర్థం పోస్టులు లేవని. నాలుగు పోస్టులు మంజూరు చేస్తే నలుగురూ రాకపోవచ్చు, ఇద్దరు వచ్చినా ఒకరికొకరు తోడుంటారు. వచ్చినవారు నిలవడానికి పక్కన ఇంకొకరు ఉండడమే పెద్ద కారణమని నేను కలిసిన డాక్టర్లలో ముగ్గురు ఎవరికి వారు చెప్పారు.

కొత్త భవనం స్లాబు పడ్డాక అమ్మను తీసుకెళ్ళి చూపించాను. మేస్త్రి కుర్చీ వేసినా కూర్చోలేదు. పాత వార్డు పొడుగాటి హాలు. మధ్యలో బల్ల దగ్గర కూర్చుంటే 24 పడకలూ కంటికి ఆనేవి. ఎవరి సెలైను అయిపోయిందో, ఎవరు మంచం మీద నుంచి దిగుతున్నారో లేవకుండానే తెలిసేది. కొత్తదానిలో ఆరేసి పడకల గదులు. రోగులకు కాస్త మరుగు ఉంటుంది, అది మంచిదేనని అమ్మే అన్నది. ఆ తర్వాత నర్సుల గది అని గుర్తు పెట్టిన చోటు నుంచి చివరి గది చివరి మంచం వచ్చే చోటుదాకా, మోకాళ్ళు పట్టేసినా, అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచింది. 94 అయ్యాయి. మధ్యలో నాలుగు గోడలు.

పోయిన నెల కలెక్టరేటులో సోమవారం అర్జీల దగ్గర ఒక వినతిపత్రం ఇచ్చాం. వీధివాళ్ళు, రిటైరైన మరో ఇద్దరు నర్సులు, ఆ ఆటో అబ్బాయి సంతకాలు పెట్టారు. కొత్త భవనం తెరిచేలోగా కనీసం ముగ్గురు మత్తు డాక్టర్ల పోస్టులు, 16 నర్సు పోస్టులు, ఒక ప్లంబరు, ఒక ఎలక్ట్రీషియను, ఒక ఆక్సిజన్ టెక్నీషియను మంజూరు చేయాలని, ఏటా భవన నిర్వహణకు విడిగా పద్దు పెట్టాలని, విరిగిన మంచాల గదిని ఖాళీచేయాలని రాశాం. చివరి అంశం అమ్మ చేర్పించింది. ప్రతి సాయంత్రం ఆరు గంటలకు, ఆ రాత్రి డ్యూటీలో ఎవరెవరు ఉన్నారో, ఏ ఆపరేషన్లు చేయగలరో ఒక కాగితం మీద రాసి క్యాజువాలిటీ తలుపుకు అంటించాలి. దీనికి నిధులు అక్కర్లేదని, రేపటి నుంచే చేయవచ్చని అక్కడి అధికారి కూడా ఒప్పుకున్నారు. రసీదు ఇచ్చారు. నిన్న సాయంత్రం వెళ్ళి చూశాను, కాగితం ఇంకా అంటించలేదు. వచ్చే సోమవారం అమ్మ కూడా వస్తానంటోంది.